లైఫ్ కోచ్ వృత్తి: ప్రవేశమార్గము, బాధ్యతలు

మన హైదరాబాదులో కోచింగ్ అన్న మాట వినగానే ఎవరికైనా స్ఫురించేవి అమీర్‌పేట వీధులలోని శిక్షణాలయాలు. గోడల నిండా ప్రకటనలు, మెట్ల మీద చెప్పుల వరుసలు, ఇరుకు గదులలో కిక్కిరిసిన విద్యార్థులు, మనకు తెలిసిన కోచింగ్ ఇదే. అందుచేత ఎవరైనా తన గుమ్మానికి 'లైఫ్ కోచ్' అని బోర్డు తగిలించినచో, "ఏ పరీక్షకు చెబుతారండీ?" అని అడిగేవారే ముందుగా వస్తారు. ప్రశ్న నవ్వు పుట్టించినా దానిలో చారిత్రకమైన న్యాయం లేకపోలేదు. హంగరీ దేశంలో కోచ్ అనే చిన్న గ్రామం ఉన్నది. పదిహేనవ శతాబ్దం నుండి అక్కడి గుర్రపు బండ్లు పేరు పొందినవి. ఊరి పేరే బండికి పేరై, ఐరోపా భాషలలో వ్యాపించి, ఇంగ్లీషులో కూడా కోచ్ అయినది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు ఉపాధ్యాయునికి ఆ బండి పేరునే చమత్కారంగా తగిలించినారు. క్రీడా శిక్షకునికి ఆ పేరు వచ్చినది ఆ తరువాతనే. కనుక మాట పుట్టుకను బట్టి చూచినచో అమీర్‌పేటకే హక్కు ఎక్కువ. లైఫ్ కోచ్ నిన్న మొన్న వచ్చినవాడు.

ఈ వృత్తిని గురించి మన విద్యార్థులలో కుతూహలం కనిపించుచున్నది. చేతిఫోనులో ప్రకటనలు చూచి, మూడు రోజులలో సర్టిఫికెట్, నెలకు లక్ష ఆదాయం అన్న మాటలు నమ్మి డబ్బు కట్టదలచినవారు కూడ ఉన్నారు. ఆ మాటలలో నిజమెంత, ఈ వృత్తికి పునాది ఏది, దీనిలో ప్రవేశించేవాడు ఏ బరువును తలకెత్తుకొంటాడు అనే విషయాలను వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వృత్తికి మూలం ఒక ఆటస్థలం. అమెరికాలో టిమొతీ గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు 1974లో 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' అనే పుస్తకం ప్రకటించినాడు. చేయి ఇట్లా పట్టు, కాలు అట్లా పెట్టు అని చెప్పుతున్న కొలదీ ఆటగాడు బిగుసుకుపోతాడనీ, బంతిని గమనించుట ఒక్కటే అతనికి అప్పగించినచో దేహం తనంతట తానే నేర్చుకొంటుందనీ ఆయన అనుభవంలో తెలుసుకొన్నాడు. మోటారు పందెములలో పాల్గొని 1965లో ఐరోపా టూరింగ్ కారు ఛాంపియనై పేరు పొందిన సర్ జాన్ విట్‌మోర్ ఆ పద్ధతిని బ్రిటనులో వ్యాపార సంస్థలలోకి తెచ్చి, 1992లో 'కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్' అనే గ్రంథం వ్రాసినాడు. అదే సంవత్సరంలో అమెరికాలో థామస్ లియొనార్డ్ అనే ఆర్థిక సలహాదారు కోచ్‌లకు శిక్షణ ఇచ్చే పాఠశాలను నెలకొల్పినాడు. తన వద్దకు వచ్చేవారు డబ్బు లెక్కలతో ఆగక, జీవితంలో ఏమి చేయవలెనో కూడ తనతో మాట్లాడదలచుట ఆయన గమనించినాడు. 1995లో ఆయన చొరవతోనే ఐ.సి.ఎఫ్. అని పిలువబడే అంతర్జాతీయ కోచ్‌ల సమాఖ్య ఏర్పడినది. వీరందరికన్న ముందే మనోవైద్య రంగంలో కార్ల్ రోజర్స్, చికిత్సకుడు తీర్పరి కారాదు, శ్రోత కావలెను అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించి ఉన్నాడు. ఇంత చిన్న వంశవృక్షం గల వృత్తి మరొకటి అరుదు.

అయితే కోచ్ చేసే పని ఏమిటి? ఉపాధ్యాయుడు తనకు తెలిసినది చెబుతాడు. వైద్యుడు రోగనిర్ణయం చేసి మందు ఇస్తాడు. ఇంటి పెద్ద తన అనుభవాన్ని బట్టి ఆజ్ఞాపిస్తాడు. స్నేహితుడు మన పక్షం వహిస్తాడు. కోచ్ ఈ నాలుగింటిలో ఏదీ చేయడు. ఎదుటివాని ఆలోచన ఎదుటివానికే స్పష్టపడునట్లు ప్రశ్నలు అడుగుతాడు. అతడు తానుగా ఒప్పుకొన్న పనిని చేసినాడా లేదా అని మరల వచ్చినపుడు విచారిస్తాడు. చెప్పుటకు సులభమే. చేయుట ఎంత కష్టమో ఒక ఉదాహరణ వల్ల తెలియగలదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఒక యువకుని ఊహించుకొందాము. తండ్రికి చిన్న దుకాణం. జెద్దాలో ఉన్న మేనమామ వీసా పంపెదనన్నాడు. యువకునికేమో బి.ఇడి. చదివి ఉపాధ్యాయుడు కావలెనని కోరిక. ఇంటిలో చెప్పలేడు, కాదనలేడు. మిత్రుడు "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యరా" అంటాడు. పొరుగింటి పెద్దాయన "మామూజాన్ మాట కాదనకు బేటా" అంటాడు. ఇరువురూ మంచి కోరినవారే. కోచ్ మాత్రం, "ఈ గంట ముగిసేసరికి మీకు ఏ సంగతి తేలితే బాగుంటుంది?" అని మొదలుపెడతాడు. ఇది గమ్యం. తరువాత, "ఇంటిలో ఈ మాట ఎంతవరకు వచ్చినది?" అని అడుగగా, బి.ఇడి. అన్న మాటను అతడు తండ్రి ఎదుట ఒక్కసారి కూడ పలుకలేదని బయటపడుతుంది. ప్రవేశపరీక్ష గడువు ఎప్పుడు, చదువుకు ఖర్చు ఎంత, మేనమామకు జవాబు ఎప్పటిలోగా చెప్పవలెను అన్న మూడింటిలో ఒక్కటి కూడ అతనికి తెలియదు. ఇది వాస్తవస్థితి. పిమ్మట మార్గాలు: ఒక సంవత్సరం గడువు కోరవచ్చును, ట్యూషన్లు చెప్పుకొంటూ చదువవచ్చును, కొంతకాలం జెద్దా పోయి డబ్బు కూడబెట్టి వచ్చి చదువవచ్చును. ఇవన్నీ యువకుని నోటి నుండే రావలెను. చివరకు, "వచ్చే శుక్రవారం లోగా మీరు చేసే పని ఏది?" అనగా అతడు, ఖర్చు కనుక్కొని ముందుగా అమ్మీతో మాట్లాడెదనంటాడు. విట్‌మోర్ గ్రంథం ద్వారా ప్రసిద్ధమైన నాలుగు మెట్లు ఇవే: గమ్యం, వాస్తవం, మార్గాలు, సంకల్పం.

ఈ గంటలో కోచ్ మాట్లాడినది పదిహేను నిమిషాలకు మించరాదు. ఆ యువకుడు బి.ఇడి. చదువుటే మేలని కోచ్ మనసులో గట్టిగా అనిపించి ఉండవచ్చును. ఆ అభిప్రాయాన్ని ముఖకవళికలలో సైతం కనబడనీయకుండుటే ఈ వృత్తిలోని అసలైన శిక్షణ. బండి, సారథి అన్న మాటలు వచ్చినవి గనుక ఒక ముక్క: భగవద్గీతలో సారథి అయిన కృష్ణుడు చేసినది ముమ్మాటికీ ఉపదేశమే, కోచింగ్ కాదు. కాని అంత ఉపదేశమూ ముగిసిన పిదప నిర్ణయాన్ని ఆయన అర్జునునికే విడిచిపెట్టినాడు.

మన భాషలలో ఈ పని చేయదలచినవారు ఒక చిక్కును ముందుగానే గుర్తించవలెను. ఇంగ్లీషు పుస్తకాలలోని ప్రశ్నలను మక్కికి మక్కిగా దించితే అవి పనికిరావు. తెలుగులో 'ఎందుకు' అన్నా, దక్కనీలో 'కైకు' అన్నా మన ఇండ్లలో అది ప్రశ్న కాదు, మందలింపు. "ఎందుకు చదవలేదు?" అనగానే బిడ్డ తల వంచుకొంటాడు గాని ఆలోచింపడు. "చదువుదామని కూర్చున్నప్పుడు ఏమి జరుగుచున్నది?" అన్నచో నోరు విప్పుతాడు. వయసులో చిన్నవానిని సైతం 'మీరు', 'ఆప్' అని సంబోధించుట ఇక్కడ మర్యాద మాత్రమే కాదు. నీ నిర్ణయం నీదే అని తెలుపుట కూడ.

ఇక శిక్షణ సంగతి. మన దేశంలో లైఫ్ కోచ్ వృత్తికి లైసెన్సు ఇచ్చే చట్టం లేదు. న్యాయవాదికి బార్ కౌన్సిల్, వైద్యునికి మెడికల్ కమిషన్ ఉన్నట్లు కోచ్‌కు ప్రభుత్వపరమైన మండలి ఏదీ లేదు. రేపు ఉదయం ఎవరైనా బోర్డు తగిలించవచ్చును. ఇదే ఈ వృత్తికి గల సౌలభ్యం, ఇదే దానికి పట్టిన చీడ. ఐ.సి.ఎఫ్. ఇచ్చే అర్హతాపత్రాలు చట్టబద్ధమైనవి కాకపోయినా వాటికి నిర్దిష్టమైన కొలత ఉన్నది. మొదటి మెట్టుకు కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావలెను. ఆ 100లో 75 గంటలైనా ప్రతిఫలం తీసుకొని చేసినవై ఉండవలెను. అనుభవజ్ఞుడైన కోచ్ మన సంభాషణలను పరిశీలించి దోషాలు చూపే 10 గంటలు వేరు. రెండవ మెట్టుకు 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం; మూడవదానికి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. వారానికి 4 గంటల చొప్పున చేసినవానికి మొదటి 100 గంటలు పూర్తి కావలెనన్నా 25 వారాలు పట్టును. మూడు రోజుల సర్టిఫికెట్టును ఈ లెక్క పక్కన పెట్టి చూచుకొనవలెను. ఆ సర్టిఫికెట్లు అమ్మేవారిలో కొందరికి అసలు ఆదాయం కోచింగ్ వల్ల రాదు. కోచ్‌లను తయారు చేసెదమని చెప్పుట వల్లనే వస్తుంది. డబ్బు కట్టబోయేవాడు ఒక్క ప్రశ్న అడిగినా చాలు: నేను జరిపే సంభాషణను స్వయంగా విని, తప్పులు చెప్పేవారు మీ వద్ద ఎవరు, ఎన్ని గంటలు?

ఖర్చులేని అభ్యాసం కూడ ఉన్నది. ఇద్దరు మిత్రులు వారానికొకసారి కూర్చుండి, ఒకరు అరగంట మాట్లాడగా మరొకరు సలహా అన్నది ఇవ్వకుండా వినవలెను. మొదటి రోజు అయిదు నిమిషాలు గడవకముందే "నా మాట విని ఇట్లా చెయ్యి" అన్న వాక్యం నాలుక చివరకు వచ్చుట తథ్యం. ఆ వాక్యాన్ని మ్రింగుకొనగలిగే దాకా రుసుము తీసుకొనుటకు అర్హత రాదని నా అభిప్రాయం.

అభ్యాసం కుదిరిన పిదప తాను నడచిన దారినే క్షేత్రంగా ఎన్నుకొనుట మేలు. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన విద్యార్థులతో పనిచేయుటకు అటువంటి అనుభవం గలవాడు తగును. గల్ఫ్ నుండి తిరిగి వచ్చి మరల జీవితం ప్రారంభించేవారికి, తానూ అట్లా వచ్చినవాడు తగును. పిల్లలు పెద్దవారైన తరువాత ఉద్యోగంలో చేరదలచిన స్త్రీలకు, ఆ సందిగ్ధం అనుభవించిన స్త్రీ తగును. 'అందరికీ అన్ని సమస్యలకూ' అని బోర్డు వ్రాసినవాని వద్దకు ఎవరూ రారు. మొదటి పదిమంది ప్రకటనల వల్ల రారు; తెలిసినవారి నోటి మాట వల్ల వస్తారు. అయితే సొంత ఇంటివారికి, దగ్గరి బంధువులకు కోచ్‌గా ఉండుట కూడదు. వారి నిర్ణయం వల్ల మనకు లాభనష్టాలు ఉన్నపుడు మన ప్రశ్న నిష్పక్షపాతంగా ఉండదు.

ఆదాయం లెక్క కూడ దాచకుండా చూతము. గంటకు 800 రూపాయలనుకొని, పదిమంది నెలకు రెండేసి సార్లు వచ్చినారనుకొన్నచో నెలకు 16,000 రూపాయలు. ఒక్కొక్క గంటకు ముందు సిద్ధపడుట, తరువాత వ్రాసికొనుట మరొక గంట తీసుకొనును. అనగా 40 గంటల శ్రమ. ఆ పదిమందిలో ముగ్గురు పని ముగిసి వెళ్లిపోతారు, వారి స్థానంలో ముగ్గురిని వెదకుకొనవలెను. అందుచేత చేతిలో ఉన్న ఉద్యోగాన్ని మొదటి సంవత్సరంలోనే వదలుకొనుట అవివేకం. జి.ఎస్.టి. సంగతి అడిగేవారికి: మన రెండు రాష్ట్రాలలో సేవల వృత్తికి సాలీనా రాబడి 20 లక్షలు దాటే వరకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆ బెంగ ఇప్పట్లో అక్కరలేదు.

బెంగపడవలసిన విషయం మరొకటి ఉన్నది. మన సమాజంలో కోచ్ ఎదుట కూర్చుండేది కుమారుడు, రుసుము చెల్లించేది తండ్రి. రెండవ వారం తండ్రి ఫోను చేసి, "మావాడు ఏమన్నాడండీ?" అని అడుగుట సహజం. అడిగేది ప్రేమతోనే, పైగా డబ్బు ఇచ్చినవాడు. కాని ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పిన నాడు కోచ్ వృత్తి ముగిసినదే. ఉర్దూలో అమానత్ అన్న మాటకు దాచమని ఇచ్చిన సొమ్ము అని అర్థం. దాచమని ఇచ్చిన మాట కూడ అమానతే. కావున తండ్రి, కుమారుడు, కోచ్ ముగ్గురూ మొదటి రోజుననే కూర్చుండి ఒక కాగితం మీద ఒప్పందం వ్రాసికొనవలెను: ఎన్నిసార్లు కలుస్తారు, రుసుము ఎంత, రాలేకపోయినచో ఎప్పటిలోగా చెప్పవలెను, తండ్రికి తెలియజేసేది ఏమిటి. హాజరు తప్ప మరేమీ తెలియజేయబడదు అని వ్రాసికొనుట ఉత్తమం. దీనికి ఒప్పుకోని తండ్రిని గౌరవంగా సాగనంపవలెను, ఆ నెల చేతిలో డబ్బు లేకపోయినా సరే. ఆడపిల్లల విషయంలో ఈ కట్టుబాటు మరింత గట్టిగా ఉండవలెను. ఇంటికి చేరిన ఒక్క మాట వల్ల చదువే ఆగిపోయే ప్రమాదం వారికి ఉన్నది.

అయినా రహస్యం పాటించెదనన్న వాగ్దానానికి హద్దులున్నవి. వాటిని కూడ ఆ కాగితంలోనే వ్రాయవలెను. న్యాయవాదికి, కక్షిదారుకు నడుమ జరిగిన సంభాషణకు చట్టం రక్షణ ఇచ్చుచున్నది. కోచ్‌కు అటువంటి రక్షణ లేదు, న్యాయస్థానం అడిగినచో చెప్పవలసి వచ్చును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలపై లైంగిక నేరం జరిగినదని తెలిసినవాడు ఎవరైనా సరే పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశించుచున్నది. ఎదుటివాని ప్రాణానికి అపాయం ఉన్నపుడు మౌనం వహించుట ధర్మం కాదు. కాగితాలపై పేర్లకు బదులు గుర్తులు వ్రాసికొని, పని ముగిసిన కొంతకాలానికి వాటిని నాశనం చేయుట మంచి పద్ధతి.

హద్దులలోకెల్ల పెద్దది వైద్యానికి, కోచింగ్‌కు నడుమ ఉన్నది. వారాల తరబడి నిద్ర లేకుండుట, తిండి మానుట, ఎవరికీ వినిపించని మాటలు తనకు వినిపించుట, మత్తుకు బానిస యగుట, బ్రతికి ఏమి లాభమనుట, ఇవి కోచ్ ఎదుట కనిపించినపుడు గమ్యమేది, మార్గమేది అని ప్రశ్నించుట అజ్ఞానం మాత్రమే కాదు, అపాయం. అక్కడితో ఆపి వైద్యుని వద్దకు పంపవలెను. మానసిక వైద్యుడు వైద్యవిద్య చదివినవాడు. క్లినికల్ సైకాలజిస్టు 1992 నాటి చట్టం క్రింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావలసినవాడు. కోచ్ ఈ ఇద్దరిలో ఎవరూ కాడు. ఎదుటివానికి వెంటనే ఎక్కడికి పోవలెనో తెలియని స్థితిలో 14416 అనే ఉచిత నెంబరు ఉన్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. రాత్రింబవళ్లు తెలుగులో కూడ మాట్లాడేవారు ఉంటారు. ఇంటిలో హింసకు గురియైన స్త్రీలకు 181. ఈ రెండు నెంబర్లు గోడ మీద లేని కోచ్ గది సంపూర్ణం కాదు.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యాన్ని గురించి మార్గదర్శకాలు జారీ చేసినది. నూరుమంది, అంతకు మించిన విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించుకొనవలెనని అందులో ఒక ఆదేశం. ఆ స్థానంలో తక్కువ జీతానికి దొరికిన లైఫ్ కోచ్‌ను కూర్చుండబెట్టి రికార్డు పూర్తి చేసే ఆలోచన ఏ సంస్థకూ తగదు. కౌన్సెలరు ఉన్నచోట కోచ్ కూడ ఉండవచ్చును. మూడవ సంవత్సరం విద్యార్థులు ఉద్యోగమా, పై చదువా అని తికమకపడే వేళ ఉపయోగపడును. కౌన్సెలరుకు బదులుగా మాత్రం కాదు.

చివరగా భాష విషయం. శిక్షణ గ్రంథాలు చాలవరకు ఇంగ్లీషులో ఉన్నవి. కోచ్ అన్న మాటకే మనకు సరియైన పదం కుదరలేదు. శిక్షకుడు అన్నచో శిక్ష గుర్తుకు వస్తుంది; మార్గదర్శి అన్నచో దారి చూపుతాడనుకొంటారు, ఇతడు చూపడు. ఉర్దూలో రహబర్ అన్నా అదే చిక్కు; ముషీర్ అనగా సలహాదారు; హమ్‌సఫర్ అన్న మాట అర్థంలో దగ్గరిదే కాని దానిని భార్యాభర్తలు ముందే ఆక్రమించుకొన్నారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమగుటకు ముందే, 1917లో, పాఠ్యగ్రంథాల కొరకు అనువాద శాఖను నెలకొల్పినారు. అంత పని ఇప్పుడు అవసరం లేదు. మన కళాశాల తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలిసి కూర్చుండి, మన ఇండ్లలో మందలింపుగా వినబడని నూరు ప్రశ్నలను ఏరి, రెండు లిపులలోను వ్రాసినచో పదునారు పుటల చిన్న పుస్తకం అగును. పైన చెప్పిన యువకుని వంటివాని ఎదుట కూర్చుండబోయేవారికి మొదటి పాఠ్యగ్రంథం అదే కాగలదు.